నాంపల్లి దర్గాకు, ఫర్హానా మేడంతో ఒక్క గురువారం

వేర్వేరు మతాలవాళ్లు కలిసి ఎలా బతుకుతారో చదివే మాలాంటి కొత్త పరిశోధకులకు ఒక ఫెలోషిప్ ఉంది. మన మతం కాని పెద్ద అధ్యాపకులొకరిని ఏడాదిపాటు మనకు గురువుగా జతచేస్తారు. నాకు హైదరాబాద్‌లో ఫర్హానా మేడం దొరికారు. నేనేమో కర్నూలులో, ప్రతి ఆదివారం పొద్దున ఫోన్లోనే పాఠం. దర్గాలకు వెళ్లే హిందూ కుటుంబాల మీద నా పరిశోధన. ఒక్క అధ్యాయమైనా రాసి తీసుకెళ్లి ఆమెను కలుద్దామనుకున్నాను. ఒట్టి చేతులతో గురువు దగ్గరికి ఎలా వెళ్లడం? తీరా చూస్తే అధ్యాయం పూర్తికాలేదు, ఏడాది మాత్రం పూర్తికావచ్చింది. ఇంకో ఏడాది నన్ను ఉంచుకోమని ఎదురుగా అడగాలని, ఆ చివరి నెలలో ఒక గురువారం తెల్లవారుజామునే రైలెక్కాను.

కాచిగూడలో దిగేసరికి పదిన్నర దాటింది. ఆబిడ్స్‌కు నూట ఇరవై అన్న ఆటో అతను నూరుకు ఒప్పుకున్నాడు. పెద్ద పోస్టాఫీసు దగ్గరికి వచ్చేసరికి బండ్లు కదలడం లేదు. "గీడనే దిగున్రి మేడం, నడిస్తెనే జల్ది పోతరు," అన్నాడు. నిజమే. కాస్త నడవగానే, కలుద్దామనుకున్న చోట ఫర్హానా మేడం గొడుగు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. ఫోన్లో అంత పెద్ద గొంతు, మనిషి చూస్తే నా భుజం దాకానే ఉన్నారు. "ఫోటోల కంటె సన్నగున్నవేంది బేటా? ముందుగాల తిను," అన్నారు. చిన్న హోటల్లో ఇడ్లీలు తిని, నాంపల్లి స్టేషన్ మీదుగా దర్గాకు తాపీగా నడిచాం. అడగాల్సిన మాట దారి పొడుగునా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

దర్గా బయట చెప్పులు విడిచి, తల మీద కొంగు కప్పుకుని లోపలికి వెళ్లాం. బేగంబజార్ నుంచి వచ్చిన ఒకావిడ పసిబిడ్డనెత్తుకుని, సమాధి మీద వేయమని పూలు ఇస్తోంది. నుదుట కుంకుమ చూడగానే నాలోని పరిశోధకురాలికి ప్రాణం లేచొచ్చింది. "ఏం మొక్కుకున్నారండీ?" అని అడిగేశాను. ఆవిడ బిడ్డను గుండెకు హత్తుకుని అటు తిరిగిపోయింది. మేడం నా చెయ్యి పట్టి పక్కకు లాగారు. "మొక్కు అడగొద్దు బేటా. బయటికి చెప్తె తీరదంటరు. జర కూసో, ఆమెనే వస్తది."

గోడ వారగా కూర్చున్నాం. ఉండబట్టలేక అడిగాను: "ఇంకో ఏడాది నన్ను ఉంచుకోండి మేడం."

ఆమె నా వంక చూడలేదు. "ఒక్కలకు ఒక్క ఏడాదే. వచ్చే నెల ఇంకో పిల్లగాడు వస్తుండు. నీ లెక్కనే, వాని ఊర్ల గూడ ఏమన్న అడుగుదామంటె చెప్పెటోళ్లు ఎవ్వరు లేరు."

ఏడుపొచ్చింది. ముక్కూమొహం తెలియని ఆ పిల్లాడి మీద ఈర్ష్య కూడా వచ్చింది.

అంతలో బిడ్డనెత్తుకున్న ఆవిడ నిజంగానే మా దగ్గరికి వచ్చి మలీదా పెట్టింది. రొట్టె నలిపి బెల్లం కలిపిన ఆ ప్రసాదం ఇంకా వెచ్చగా ఉంది. "మీరిద్దరు ఏమైతరు?" అని అడిగింది.

"ఫెలోషిప్‌లో మేడం నాకు..." అని నసిగాను.

"మేనత్తనా?"

"ఔ, గట్లనే అనుకో," అన్నారు మేడం, తన మలీదాలో సగం నా చేతిలో పెడుతూ.

ఆవిడ అక్కడే కూర్చుంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు అత్తగారు తనను ఇక్కడికి తెచ్చిన సంగతి, ఇంట్లో గురువారం ఏం వండుతారు, ఏం వండరు, అన్నీ తనే చెప్పుకొచ్చింది. ఏడాదిగా నేను ఫోన్లో మేడంని అడుగుతూ వచ్చినవన్నీ ఆ గోడ వారన దొరికాయి. సాయంత్రం నాంపల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి కర్నూలు బస్సు పట్టుకున్నాను.

ఫెలోషిప్ ముగిసింది. ఆదివారం పొద్దున ఆ వేళకు ఇప్పటికీ చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. నేను చేస్తే ఆమె ఎత్తుతారు, తెలుసు. కానీ ఆ వేళ ఇప్పుడు ఆ పిల్లాడిది. ఆమె పక్కన ఇంకొక్క గురువారం కూర్చోవాలని ఉంది, అంతే. నాంపల్లి వెళ్లేవాళ్లు గురువారం మధ్యాహ్నానికి ముందే వెళ్లండి, తర్వాత రద్దీ. ఫెలోషిప్ వచ్చినవాళ్లు మాత్రం మొదటి నెలలోనే రైలెక్కండి. నేను చివరి నెలలో ఎక్కాను.