చెరువు గట్టు మీద ప్లూటో

సలీమాకి ఆకాశమంటే ప్రేమ తగ్గి కోపం పెరిగిపోయింది. బందరులో ఫిజిక్స్ పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న మనిషి, సెలవు దొరికితే నిద్రపోవాలి గానీ, టెలిస్కోపు మోసుకుని ఊళ్లు పట్టుకు తిరగడమేమిటి? హంసలదీవి వెళ్తే మబ్బు పట్టింది. ఉయ్యూరు వెళ్తే మంచు కమ్మేసింది. ఈసారీ దక్కకపోతే టెలిస్కోపు అమ్మేస్తానని ఇంట్లో చెప్పి మరీ ముదినేపల్లి వచ్చింది.

ఆమెకి కావాల్సింది ప్లూటో మీది గాలి జాడ. ప్లూటో ఒక నక్షత్రానికి అడ్డంగా వెళ్లేటప్పుడు, చుట్టూ గాలి ఉంటే నక్షత్రం మెల్లగా మసకబారుతుంది, మెల్లగా తిరిగి వెలుగుతుంది. గాలి లేకపోతే టక్కున ఆరి, టక్కున వెలుగుతుంది. ఆ కాస్త గాలీ ఏటేటా గడ్డకట్టి తగ్గిపోతోందేమో చూడాలి. అంతా కలిపి రెండు నిమిషాల ముచ్చట.

చేపల రైతు నాగభూషణరావు తన చెరువు గట్టు ఇచ్చాడు. గట్టు మీది లైట్లకీ, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకీ ఒకటే మెయిన్. తెల్లవారుజామున చీకటి కోసం దాన్ని ఆపేసి, "కానివ్వండమ్మా, నేనున్నాగా" అన్నాడు.

టెలిస్కోపుకి తగిలించిన కెమెరా స్క్రీన్ మీద నక్షత్రం మెల్లగా మసకబారింది, మాయమైంది. ఇన్నేళ్ల అలసటంతా సలీమా కళ్లలోకి వచ్చేసింది. అప్పుడు వినబడింది ఆ చప్పుడు. చెరువు నిండా చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. నాగభూషణరావు స్విచ్చుబోర్డు పక్కన తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఎంతసేపట్నించండీ ఇలా?"

"ఇందాకట్నించేనమ్మా. మాటిచ్చాను గదా, మీది అయిపోనివ్వండి."

సలీమా ఒక్కసారి స్క్రీన్ వైపు చూసింది. నక్షత్రం ఇంకా రాలేదు.

"వాటికి గాలందట్లేదు బాబాయ్ గారూ! వేసెయ్యండి!" అని అరిచింది.

గట్టంతా భళ్లున వెలిగింది. స్క్రీన్ తెల్లబోయింది. నక్షత్రం తిరిగి ఎలా వెలిగిందో ఆమె చూడనే లేదు. చేపల మీదా, ఆ పెద్దమనిషి మంచితనం మీదా ఏడుపు లాంటి కోపం వచ్చింది. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటే చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"ఇంకోసారి ఎప్పుడొస్తుందమ్మా?" అన్నాడాయన బెరుగ్గా.

"మన దగ్గర కనబడాలంటే ఏళ్లు పడుతుందండీ."

"ఈలోగా లైట్లకి వేరే లైను వేయించేస్తా. మీరు మా గట్టుకే రావాలి."

సలీమా టెలిస్కోపు పెట్టెలో పెట్టింది. అమ్మేస్తున్నానని ఆయనతో చెప్పడానికి నోరు రాలేదు.