మామగారి ముసలి గుర్రం

అరవైల మొదట్లో, నేను కాపురానికొచ్చిన ఏడాది, మామగారు మనుబోలు నుంచి వాకాడు దగ్గరి మా ఊరికి ఒక ముసలి మగ గుర్రాన్ని నడిపించుకొచ్చారు. జట్కా లాగలేకపోతోందని ఎవరో దాన్ని రోడ్డు మీద వదిలేసి పోయారట. దాని పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు.

“ఏమయ్యా, మనకు పనులు చాలవని దీన్ని తెచ్చినావా?” అన్నారు అత్తగారు.

పళ్లు అరిగిపోయి అది గడ్డి సరిగా నమలలేకపోయేది. ఉలవలు మెత్తగా ఉడకబెట్టి, తవుడు కలిపి, రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టేదాన్ని. కొన్ని నెలలకు ఒళ్లు చేసింది. కానీ బండి కట్టబోతే వణికిపోయేది. మామగారు చెర్నాకోలను పొయ్యిలో పెట్టేసి, రోజూ సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద ఖాళీ బండి కట్టి, పక్కనే కబుర్లు చెబుతూ నడిపించారు. మెల్లగా దాని భయం పోయింది.

ఒక ఆదివారం మామగారు అత్తగారినీ నన్నూ బండెక్కించుకుని చర్చికి బయలుదేరారు. దారిలో ఆడగుర్రం కట్టిన జట్కా ఒకటి మమ్మల్ని దాటిపోయింది. మా ముసలిది మెడ ఎత్తి సకిలించి, దాని వెంట పరుగు తీసింది.

“ఆపయ్యా, చర్చి దాటిపోయినాం!” అని అత్తగారు అరిచారు.

“ఎట్ట పరిగెత్తతా ఉందో చూసినావా!” అని మామగారు కళ్లెం లాగుతూనే మురిసిపోయారు.

ఆరాధన సగమయ్యాక చేరాం. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ప్రార్థన అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నారు.