ముడి మీద చెయ్యి

నిన్న పొద్దున డాబా మీద బట్టలు ఆరేసుకోవడానికి కొత్త నైలాన్ తాడు కట్టాను. ముడి బిగించాక తాడును రెండు చేతులా పట్టుకుని, వెనక్కి వాలి లాగి చూశాను. "ఆరేసేది లుంగీలండీ, మనుషుల్ని కాదు" అంది మా ఆవిడ. నవ్వాను గాని, ఆ తాడు గరుకు అరచేతికి తగలగానే సత్యానందం గారు గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో ధవళేశ్వరం దగ్గర ఒక హైస్కూల్లో నేను లెక్కలు చెప్పేవాణ్ణి, ఆయన డ్రిల్లు మాస్టారు. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి, కొండలెక్కడం అక్కడే నేర్చుకున్నారు. కాలువలూ వరిచేలూ చూస్తూ పెరిగిన మా తొమ్మిదో తరగతి పిల్లల చేత రాయి ఎక్కిస్తానన్నారు. ఒకప్పుడు రాయి కొట్టి వదిలేసిన కొండ ఒకటి దగ్గర్లోనే ఉంది. హెడ్మాస్టరు గారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. అన్నీ రాసిపెట్టుకునే అలవాటున్న నేను ప్రతి శనివారం వెంట ఉండాలి. డైరీలో పన్నెండు మంది పిల్లల పేర్లు రాసి, ఒక్కో పేరు పక్కన హెల్మెట్, నడుము బెల్టు, ఆ బెల్టుకు తాడు కట్టిన ముడి అని గళ్లు గీసుకున్నాను.

మొదటి రోజు పిల్లలంతా ఒకే తప్పు చేశారు. కొబ్బరిచెట్టును వాటేసుకున్నట్టు రాయిని వాటేసుకున్నారు, కాళ్లు జారాయి. ఆయన కోప్పడలేదు. "రాయి కొబ్బరిచెట్టు కాదురా, దాన్ని కౌగిలించుకుంటే నీ పాదం నీకే కనపడదు. కాస్త ఎడంగా ఉండి, కాళ్లమీద నిలబడు" అన్నారు. రెండో వారానికి పిల్లలు నిలబడటం నేర్చుకున్నారు.

మూడో శనివారం నేను తప్పు చేశాను. పని చకచకా సాగాలని, పిల్లలు ఇడ్లీలు తింటున్నప్పుడే గళ్లన్నిటిలో టిక్కులు పెట్టేశాను. సునీత అనే అమ్మాయి వంతు వచ్చింది. తాడు రెండో కొస పట్టుకున్న సత్యానందం గారు, "ముడి చూశారాండీ?" అని అడిగారు. నేను డైరీలోకి చూసి, చూశానన్నాను. ఆ పిల్ల రాయి మీద మొదటి అడుగు వేసింది. ఆయనకేం తోచిందో, "ఒకసారి దిగమ్మా" అని పిలిచి ముడి పట్టుకుని లాగారు. అది ఆయన చేతిలోకి ఊడి వచ్చేసింది.

ఆయన సునీత వైపు తిరిగారు. "మళ్లీ కట్టుకో, మాస్టారు చూస్తారు" అన్నారంతే. ఈసారి ముడిని నేనే లాగి చూశాను. సునీత మెల్లగా పైకి చేరి, "ఆనకట్ట మొత్తం కనపడుతుందండీ" అంది. నేను తలెత్తలేకపోయాను.

తిరిగి వస్తూ, హెడ్మాస్టరు గారికి జరిగింది చెప్పేసి ఈ పని మానేస్తానని సత్యానందం గారితో అన్నాను.

"చెప్పండి, చెప్పాల్సిందే. మానెయ్యడం మాత్రం వద్దండి" అన్నారాయన. "మీ బదులు వచ్చినాయన ఈ తప్పు మళ్లీ మొదట్నించీ చేసి నేర్చుకోవాలి. ముందు చేత్తో చూడండి, తర్వాత రాయండి."

అన్నీ విన్న హెడ్మాస్టరు గారు ప్రతి ముడినీ ఇద్దరూ చూడాలని చెప్పి, మమ్మల్ని మళ్లీ పంపారు. నేను రిటైరయ్యేదాకా శనివారాలు ఆగలేదు.

సత్యానందం గారు ఇప్పుడు లేరు. ఆనాటి డైరీ ఉంది. సునీత పేరు పక్కన కొట్టేసిన టిక్కు నిటారుగా ఉంటుంది. దాని పక్కన రెండోది వంకరగా ఉంటుంది. అది ముడిని లాగి చూశాక, రాయి పక్కన నిలబడే పెట్టింది.

నిన్న ముడిని ఇంకోసారి లాగి చూసి, కిందికి వచ్చి ఈ ఏటి డైరీ తెరిచాను. డాబా మీద కొత్త తాడు కట్టాను అని రాశాను.