రెండో వైపు వచ్చేదాకా

అల్లవరానికి దిగువన, పాయ సముద్రంలో కలిసేచోట ఉన్న పల్లెపాలెంలో పెద్దింట్లమ్మ మంత్రసాని. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజుల మాట. పాలెంలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు ఆమె చేతుల్లో పడి, ఆ తరవాతే తల్లి పక్కలోకి చేరేది. ఆమె నోరు మంచిది కాదని అందరూ అనేవారు. నిజమే, మంచిది కాదు. మంచి నోరున్న ఆడవాళ్ళు ఆ పాలెంలో చాలామందే ఉండేవారు, వాళ్ళ మంచితనం వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

పెద్దింట్లమ్మకు ఎడమ రొమ్ము లేదు. చిన్నతనంలో ఆ పక్కన గడ్డ లేచిందని ఇంట్లోవాళ్ళు కంగారుపడి, వాతలు పెట్టేవాణ్ణి పిలిచి కాల్పించారు. అది గడ్డ కాదు, ఎదిగే ఆడపిల్లకు వచ్చే మొలక. కొందరికి రెండు పక్కలా ఒకేసారి వస్తుంది, కొందరికి ఒక పక్క ముందొచ్చి, రెండోది తీరిగ్గా కొన్ని నెలలకు వస్తుంది. మొలకనే కాల్చేశాక ఇంక అక్కడ ఎదగడానికి ఏముంటుంది? ఎండిన మచ్చ మిగిలింది. పెళ్ళయ్యాక అత్తగారు ఆ మచ్చ చూసి, బిడ్డలకు పాలెక్కడివని నెత్తి కొట్టుకుంది. పెద్దింట్లమ్మ ఆ ఉన్న ఒక్కదానితోనే తన బిడ్డలందర్నీ పెంచింది. ఉప్పెన వచ్చిన ఏడాది తల్లిపోయిన పక్కింటి పసిగుడ్డుకు కూడా అదే పట్టింది. అత్తగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అందుకేనేమో, ఆడవాళ్ళ రొమ్ముల సంగతి పట్టించుకునే మనిషి పాలెంలో ఆమె ఒక్కతే. పురుటికి వెళితే బొడ్డు కోసి, కూలి పుచ్చుకుని వచ్చేసే రకం కాదు. బాలింతకు పాలు గడ్డకట్టి జ్వరం వస్తే వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టి, నెప్పెట్టినా సరే ఆ పక్కే బిడ్డకు పట్టించమని దగ్గర కూర్చుని మరీ పట్టించేది. బిడ్డ పోయిన తల్లికి పాలు ఇంకిపోవడానికి రొమ్ముల మీద మల్లెపూలు కట్టి, ఆమెతోపాటు ఏడ్చేది. ముట్లుడిగిన ముసలమ్మల్ని కూడా వదిలేది కాదు. "ఏం, వయసైపోతే అది నీ ఒంట్లోది కాదా? పడుకో, చూస్తాను" అని గదమాయించేది. మూడు వేళ్ళు కలిపి, వేళ్ళ కొసలతో కాక మెత్తటి పక్కతో, చుట్టూ తిప్పుతూ చంకదాకా తడిమేది. కదిలేదేదో, కదలనిదేదో ఆ వేళ్ళకు తెలిసిపోయేది.

కదలనిది దొరికినప్పుడు మాత్రం ఆమెకు చేతులాడేవి కావు. అదే పాలెంలోని మరిడమ్మ తల్లికి అదే దొరికింది. రాయిలా గట్టిగా ఉండి, పైన చర్మాన్ని లోపలికి లాగేసింది. రాచపుండు. దానికి మందు తనకు తెలియదని పెద్దింట్లమ్మ దాచకుండా చెప్పింది. ఆ ముసలమ్మ పడ్డ బాధ పాలెమంతా విన్నది. ఆమె పోయాక మరిడమ్మ చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ మరిడమ్మే ఒకరోజు తన కూతురు వీరాయమ్మకు నలుగు పెడుతూ చెయ్యి ఆపేసింది. పిల్లకు కుడిపక్క ఏదో గట్టిగా తగిలింది. ఎడమపక్క ఏమీ లేదు. వీరాయమ్మకు అప్పటికి ఇంకా పాలపళ్ళన్నీ ఊడనైనా లేదు. మరిడమ్మకు తల్లి గుర్తొచ్చి, ఉన్నపాటున కూలబడి గొల్లుమంది. మొగుడు పోతురాజు వల కుట్టుకుంటున్నవాడల్లా పరుగున వచ్చాడు. కూతురంటే అతనికి ప్రాణం. ఆ ప్రాణంతోనే వెళ్ళి, వాతలు పెట్టే బంగారరాజును పిలుచుకొచ్చాడు. మగవాళ్ళ తెలివి అలాగే ఉంటుంది మరి: వలలో కన్నం కనబడితే కుట్టెయ్యాలి, ఆడదాని ఒంట్లో గడ్డ కనబడితే కాల్చెయ్యాలి.

కబురు తెలిసి పెద్దింట్లమ్మ వచ్చేసరికి వాకిట్లో కుంపటి రాజుకుంటోంది. కడ్డీ అందులో ఉంది. ఆమె తిన్నగా లోపలికి వెళ్ళి, పిల్లను పడుకోబెట్టి, పై గుడ్డ తియ్యకుండానే వేళ్ళతో తడిమి చూసి, బయటికి వచ్చి గడపకు అడ్డంగా కూర్చుంది.

"ఇది గడ్డ కాదు. ఈడొస్తోంది పిల్లకి. కుంపటార్పండి" అంది.

"అత్తా, లెగు" అన్నాడు పోతురాజు. "మా అత్తగారిని చూసేం కదా. అప్పుడూ నువ్వే చూసేవు. ఏం చెయ్యగలిగేవు?"

ఆ మాట సూటిగా తగిలింది. అయినా పెద్దింట్లమ్మ గడప వదల్లేదు.

"ఏం చెయ్యలేకపోయేనురా" అంది. "ఆవిడిది రాయి. చెయ్యేస్తే కదల్లేదు, చంకలోకి పాకేసింది. అది నాకు తెలిసింది, మందే తెలవలేదు. ఇది అది కాదు. సరిగ్గా చనుమొన కిందే ఉంది, బిళ్ళలాగ. వేలేస్తే కదులుతోంది, తగిల్తే పిల్ల నెప్పని అరుస్తోంది. రెండో వైపు కూడా వస్తాది. వచ్చేదాకా ఆగండి."

"రాకపోతేనండీ?" అన్నాడు బంగారరాజు కడ్డీ తిప్పుతూ. అతను చెడ్డవాడేం కాదు. తన తండ్రి చేసిన పనే తనూ చేస్తున్నాడు, అంతే.

పెద్దింట్లమ్మ లేచి నిలబడి పైట తీసింది. వాకిట్లో ఉన్న మగవాళ్ళందరూ తలలు తిప్పుకున్నారు.

"ఎందుకు తిప్పుకుంటారు? సూడండి. మీ నాన్న కడ్డీయే ఇది, బంగారరాజూ. నాదీ గడ్డే అన్నారు. ఇదిగో, ఇంత మేలు చేసేరు. ఆ పిల్లకీ ఇదే చేస్తానంటే నన్ను దాటుకుని లోపలికెళ్ళండి."

ఎవరూ దాటలేదు. వరసకు అత్తయ్యే మనిషిని దాటడం పోతురాజు వల్ల కాలేదు. కానీ అతని ముఖం మాడిపోయింది. "పిల్లకేమన్నా అయితే నీదే పూచీ" అన్నాడు.

"ఆయ్, నాదే" అంది పెద్దింట్లమ్మ.

నలుగురిలో పైట తీసిందని కులపెద్ద మండిపడి, ఇకమీదట పాలెంలో పురుళ్ళకు ఆమెను పిలవకూడదని తీర్పు చెప్పాడు. ఆమె ఆ తీర్పు నిలబడే విన్నది. "సరే, మీ బిడ్డల్ని మీరే పట్టుకోండి" అని ఇంటికి పోయింది. ముమ్మిడివరం వైపు ఊళ్ళవాళ్ళు పిలిస్తే పడవెక్కి వెళ్ళి పురుళ్ళు పోసి వచ్చేది. ఆ ఊళ్ళవాళ్ళకు ఆమె నోటితో పేచీ లేదు.

తీర్పు ఎవరికో కానీ వీరాయమ్మకు కాదుగా. చేపలు ఎండబెట్టేచోట పిల్ల ఆమె పక్కన చేరేది.

"మామ్మా, నేను చచ్చిపోతానా?"

"అందరం పోతాం. నువ్వు మాత్రం ఇప్పుడు కాదు. చెయ్యిలా తే." పెద్దింట్లమ్మ పిల్ల అరచేతిని ఎండిన చేప మీద పెట్టి, వేళ్ళు ఎలా పరిచి ఉంచాలో, ఎంత మెల్లిగా ఒత్తాలో చూపించింది. "రోజూ తానం చేసేప్పుడు రెండు పక్కలా చూసుకో. ఒంటిమీద చెయ్యేసుకోడానికి సిగ్గెందుకు? నీ ఒళ్ళు నీకు తెలవకపోతే వాళ్ళకేం తెలుస్తాది?"

వర్షాలు వచ్చి వెళ్ళాయి. కుడిపక్కది పెరిగింది. పెరగడమే దాని పని, కానీ మరిడమ్మకు అది మరోలా కనబడింది. తల్లికీ ఇలాగే పెరిగింది. ఆమె అన్నం మానేసింది. పోతురాజు చూసి చూసి, పెద్దింట్లమ్మ ముమ్మిడివరం పురుటికి వెళ్ళిన రోజే బంగారరాజుకు మళ్ళీ కబురుపెట్టాడు. ఈసారి గడపకు అడ్డంగా ఎవరూ లేరు.

కుంపటి రాజుకుంది. మరిడమ్మ కూతుర్ని పట్టుకుంది. పిల్ల ఏడుస్తుందనుకున్నారు, గింజుకుంటుందనుకున్నారు. వీరాయమ్మ ఏడవలేదు.

"ఆగండి. రెండోది వచ్చింది" అంది.

"ఏంటే?" అన్నాడు పోతురాజు.

"రెండో పక్కది. పొద్దున్న నీళ్ళోసుకుంటా చూసుకున్నాను. కందిగింజంత ఉంది. నెప్పెడతాంది కూడాను. అమ్మా, నువ్వు సూడు. నాన్న ఒద్దు, ఆయన ఒద్దు. నువ్వే సూడు."

మరిడమ్మ పిల్లను లోపలికి తీసుకెళ్ళింది. వాకిట్లో బంగారరాజు కడ్డీని కుంపట్లోనే ఉంచి చూస్తున్నాడు. లోపల మరిడమ్మ చెయ్యి మొదట భయంతో తప్పు చోట పడింది. వీరాయమ్మే ఆ చెయ్యి పట్టుకుని, వేళ్ళు పరిచి, ఉన్నచోటికి జరిపింది. అక్కడుంది. చిన్నది, మెత్తగా కదిలేది, కుడిపక్కదానికి తోడబుట్టింది. తన తల్లికి లేనిదీ, తన కూతురికి ఉన్నదీ ఈ కదలికా, ఈ తోడూ అని మరిడమ్మకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ భయంతో కన్నీళ్ళు కార్చిన మనిషి, అప్పుడు భయం తీరి ఏడ్చింది.

బయటికి వచ్చి, తాగేనీళ్ళ బిందె ఎత్తి కుంపటి మీద గుమ్మరించింది. నిప్పు బుస్సుమని ఆరింది, బంగారరాజు ఎగిరి వెనక్కి దూకాడు.

"మరిడీ!" అన్నాడు పోతురాజు.

"ఊరుకో" అంది మరిడమ్మ. పెళ్ళయ్యాక మొగుడితో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. "నా కూతుర్ని ఎవరూ ముట్టుకోరు. బంగారరాజు గారూ, మీ కడ్డీ తీసుకుని వెళ్ళండి. ఇంకోసారి ఈ వాకిలికి రాకండి."

మర్నాడు పెద్దింట్లమ్మ పడవ దిగుతుంటే ఒడ్డున మరిడమ్మ, వీరాయమ్మ, వాళ్ళ వెనక పాలెంలో ఆడవాళ్ళు సగంమంది నిలబడి ఉన్నారు. కులపెద్ద కోడలు కూడా ఉంది, నిండు చూలాలు. జరిగినదంతా అందరూ ఒకేసారి చెప్పారు. పెద్దింట్లమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"పెద్దమ్మా, ఓసారి నువ్వు కూడా చూసి చెప్పు" అని మరిడమ్మ కూతుర్ని ముందుకు తోసింది.

పెద్దింట్లమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేనెందుకు? అది చూసుకుందిగా" అంది.