సగం ఖాళీగా వెళ్ళిన లారీ

మా బుకింగ్ బాబాయి గారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున, గుంటూరులో కోల్డ్ స్టోరేజీ ముందు నా మిరపకాయలు లారీకెక్కిస్తుంటే కబురొచ్చింది. ముఠా కూలీలు వీపు మీదున్న టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, కిందికి దించి తలగుడ్డలు తీసి నిలబడ్డారు. వాళ్ళనలా నిలబడమని ఎవరూ చెప్పలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. మిర్చి యార్డు ఎదురుగా ఉన్న లారీ ఆఫీసులో బుకింగ్ చూసే సాయిబు గారు. పదేళ్ళ కిందట మా ఆయన నడుం విరిగి మంచాన పడితే, సరుకు పంపే పనంతా నా నెత్తిన పడింది. ఆ ఆఫీసు గుమ్మంలో నిలబడితే లోపలున్న మగవాళ్ళందరూ నావైపు చూసినవాళ్ళే. ఈయనొక్కరే లేచి, తన కుర్చీ తుడిచి వేశారు.

"కూర్చో అమ్మా. ఎన్ని టిక్కీలు? ఏ ఊరికి? ఎప్పటికి చేరాలి?"

మొదటి రెండింటికీ టకటకా చెప్పాను. మూడోది నేను కొనేవాళ్ళని అడగనేలేదు. "అదే ముందు తెలుసుకోవాల్సింది తల్లీ" అని, చెవి మీదున్న సుద్దముక్క తీసి గచ్చు మీద ఒక లారీ గీశారు. ఎవరి సరుకు ఎక్కడ పెట్టాలో ఆయన ముందు నేల మీద గీసుకునేవారు. ఆ తర్వాతే ముఠాని పిలిచేవారు. పక్కన సాసర్లో టీ ఆరుతూ ఉండేది.

నేనసలే తొందర మనిషిని, పైగా పిసినారిని. నా సరుకు సగం లారీకొస్తే మొత్తం లారీ ఎందుకు పెట్టాలని రోజూ పోట్లాడేదాన్ని. ఆయన విసుక్కునేవారు కాదు. "పార్ట్ లోడంటే పెళ్ళివారి బస్సమ్మా. అందరూ ఎక్కేదాకా కదలదు, అందర్నీ దింపేదాకా మనూరు రాదు" అనేవారు. తొందరలేని పది టిక్కీలైతే ఆ బస్సే మేలనేవారు. గడువు పెట్టిన పార్టీకైతే మాత్రం లారీ నిండినా నిండకపోయినా ఫుల్ లోడే, అంటే మొత్తం లారీ మనకే, కట్టించేవారు. దారిలో గోడౌన్ల దగ్గర దింపి ఎక్కిస్తే కాయ విరుగుతుంది, గింజ రాలుతుంది. "మన కాయని ఒకసారి ఎక్కించాలి, ఒకసారి దించాలి. మధ్యలో ఎవడూ తాకకూడదు." ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

ఇప్పుడు నేను చేసిన వెధవపని చెప్పాలి. ఇన్నేళ్ళూ చెప్పలేదు.

మొదటి ఏడు వేసవిలో నాగపూరు పార్టీ గడువు పెట్టింది. ఆ రోజుకి సరుకు రాకపోతే ఇక మా ఇంటి కాయ కొననంది. అది పోతే మాకు వేరే ఆధారం లేదు. నా సరుకు సగం లారీ. బాబాయి ఫుల్ లోడు కట్టించి, గచ్చు మీద గీసి, వెనక సగం ఖాళీ వదిలేసి నమాజుకి వెళ్ళారు. ఆఫీసు గోడౌన్లో చీరాల షావుకారి చీరల బేళ్ళు మూడు రోజులుగా పార్ట్ లోడు కోసం పడున్నాయి. అవీ నాగపూరుకే. అబ్బో, నా తెలివి పొంగుకొచ్చింది! "బాబాయి గారు ఎక్కించమన్నారు" అని ముఠాకి అబద్ధం చెప్పి, ఆ బేళ్ళు నా ఖాళీలో పెట్టించాను. వాటి కిరాయి నాకు కలిసొస్తుందని.

బాబాయి తిరిగొచ్చేసరికి లారీ వెళ్ళిపోయింది. డ్రైవరుకి ఎన్నిసార్లు ఫోను చేసినా కలవలేదు. ఆయన ఖాళీగా ఉన్న గోడౌను మూల చూసి, "మిరపకాయ పక్కన బట్టా తల్లీ" అన్నారంతే.

నా కాయలు గడువులోపే చేరాయి. చీరలు మాత్రం మండు వేసవిలో, టార్పాలిన్ పట్టా కింద, మిరపకాయల పక్కన ఉడికి చేరాయి. నాగపూరు కొట్లో మడత విప్పినవాళ్ళు విప్పినట్టే తుమ్మారట. బేళ్ళన్నీ వెనక్కొచ్చాయి. అవి పెళ్ళిళ్ళ రోజుల కోసం నేయించిన చీరలు. షావుకారు చీరాల నుంచి ఊగిపోతూ వచ్చాడు.

"ఎవడయ్యా నా బేళ్ళు మిరపకాయల్లో పడేసింది?"

నేనక్కడే టీ తాగుతున్నాను. బాబాయి సాసరు కింద పెట్టారు. "నేనేనండి. పొరపాటైపోయింది." నేను నోరు తెరవబోయాను. ఆయన నావైపు తిరక్కుండానే, "నీ టీ చల్లారిపోతోందమ్మా, తాగు" అన్నారు.

తాగాను. సిగ్గులేకుండా తాగాను.

తర్వాత ఎందుకలా చేశారని ఏడిస్తే, "నా మీద కోపమైతే రేపటికి తగ్గుద్ది. నీ మీదైతే ఈ బజార్లో నీ సరుకు ఎవడూ ఎక్కించుకోడు. కొత్తగా వచ్చావు కదా" అన్నారు. రెండు రోజులు సెలవు పెట్టి చీరాల వెళ్ళారు. వాడరేవు సముద్రపు గాలికి ఆరేద్దామంటే ఎండుచేపల వాసన కూడా తోడవుతుందని, షావుకారి మేడ మీదే తాళ్ళు కట్టి, ఒక్కో చీరా విప్పి దులిపి ఆరేశారట. ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చారు. చీరలు మళ్ళీ అమ్ముడయ్యాయి గానీ ఆయనకి పేరొకటి మిగిలింది. షావుకారు ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే "ఏమయ్యా ఘాటు సాయిబూ!" అని కేకేసేవాడు. బాబాయి ప్రతిసారీ నవ్వేవారు. నేను కాగితాల్లో తల దూర్చేదాన్ని.

శుక్రవారం సాయంత్రం బాబాయి ఇంటికెళితే వాకిట్లో బెంచీ మీద ఆ షావుకారు కూర్చుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను.

"పదేళ్ళు పిలిచానమ్మా ఆయన్ని ఆ పేరుతో" అన్నాడు షావుకారు. "ఒక్కసారన్నా చెప్పాల్సింది నువ్వు."



ఆ రోజు ఆపేసిన నా లారీకి మర్నాడు మళ్ళీ లోడింగు మొదలుపెట్టాం. దానికి ఆయన గురువారమే గీసిన బొమ్మ ఆఫీసు గచ్చు మీద అలాగే ఉంది. ముందు సగంలో నా టిక్కీలు, వెనక సగంలో ఏమీ లేదు. ఊడ్చే ఆవిడ దాని చుట్టూ ఊడ్చి వదిలేసింది. బుకింగుకి కొత్తగా వచ్చినాయన ఆ బొమ్మా చూసి, నా మొహమూ చూశాడు.

"వెనక చాలా ఖాళీ ఉందండి. ఏమన్నా ఎక్కించమంటారా?"

"ఏమీ వద్దండి" అన్నాను. "అలాగే వెళ్ళనివ్వండి."

లారీ యార్డు రోడ్డు దాటి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ముందు సగం ఎత్తుగా ఉంది. వెనక సగం మీద పట్టా లోపలికి దిగిపోయి, గాలికి లేచి పడుతూ ఉంది.