నాలుగు పాఠాలు, అరగంట ఊపిరి

వీధిలో అందరూ ఆమెను వాట్లక్క అనేవారు. ఏ ఇంటికి వెళ్లినా, కనబడిన వస్తువునల్లా తన చిన్న మీటరుకు తగిలించి, అది ఎంత కరెంటు తింటుందో చూస్తే గాని ఆమె మనసు ఊరుకునేది కాదు.

ఆ పిచ్చి సరదాకి పట్టింది కాదు. తండ్రి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆక్సిజన్ యంత్రం లేనిదే ఊపిరి సరిగా అందదు. రోజూ పన్నెండింటికి పోయిన కరెంటు నాలుగింటికి గాని రాదు. ఇంట్లోని బ్యాటరీ ఆ యంత్రాన్ని సరిగ్గా నాలుగు గంటలు లాగుతుంది. ఆమె బతుకుతెరువేమో కంప్యూటర్. ట్యూషన్ మాస్టారు మధ్యాహ్నం పంపే నాలుగు వీడియో పాఠాలను ఫోనుల్లో తేలిగ్గా ఆడేలా కుదించి, నాలుగింటికల్లా తిప్పి పంపాలి. పెద్ద కంప్యూటర్ ఆ పని చేస్తే బ్యాటరీ అరగంట ముందే చేతులెత్తేసేది. ఆ అరగంటా తండ్రి కిటికీ ఊచలు పట్టుకుని గాలి కోసం నోరు తెరిచేవాడు.

అందుకే అరచేతిలో ఇమిడే బోర్డు కంప్యూటర్ కొంది. మీటరులో పెద్దది నూట పది వాట్లు, చిన్నది ఆరు.

"ఆరే నాన్నా! ఆరంటే ఆరు!"

"అగ్గిపెట్టెంత లేదు, ఇదేం చేస్తుందే?"

"చూస్తూ ఉండు."

చూస్తూనే ఉన్నారు. పెద్దది ఇరవై నిమిషాల్లో తేల్చేసే పాఠం, పన్నెండింటికి మొదలుపెడితే రెండున్నరైనా సగం కాలేదు. ఆమె కాగితం తీసింది. ఈ లెక్కన ఒక్క పాఠానికి ఆరు గంటలు. ఆరు వాట్లు ఆరు గంటలు తాగినా, నూట పది వాట్లు ఇరవై నిమిషాలు తాగినా, బ్యాటరీలో తరిగేది ఇంచుమించు ఒక్కటే. గడియారం చూడకుండా మీటరును నమ్మినందుకు తన నెత్తి తనే మొట్టుకుంది.

మాస్టారికి ఫోన్ చేసింది.

"ఇవాళ కొంచెం ఆలస్యం..."

"పిల్లలొచ్చి కూర్చుంటారమ్మా. నీవల్ల కాదంటే చెప్పెయ్, ఇంకొకరిని చూసుకుంటా."

"లేదండి, పంపిస్తా."

పెద్దది ఆన్ చేసింది. రెండో పాఠం నడుస్తుండగా లోపలి గదిలో యంత్రం చప్పుడు ఆగిపోయింది. పరుగెత్తింది. తండ్రి చేయి స్విచ్చి మీదే ఉంది.

"ఎందుకు ఆపావు?"

"దానికీ కాస్త రెస్టు... నీ పని... కానియ్యి."

స్విచ్చి వేసింది. గుమ్మం దాటకముందే మళ్లీ ఆపాడు. ఈసారి వేసి, దాని మీద తన చేయి ఉంచి, మంచం పక్కనే కూలబడింది. ముందు గదిలో రెండో పాఠం అయిపోయింది. మూడోదాన్ని మొదలుపెట్టేవాళ్లు లేరు.

ఫోన్ మోగింది.

"మాస్టారేమో... చూడమ్మా."

"ఆయనే."

మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆమె చేయి తీయలేదు.