విశ్వాసమ్మ కట్టిన పాటలు

విశ్వాసమ్మకు అక్షరం ముక్క రాదు. ఆలూరు దగ్గరి ఆమె పల్లెలో, ఆదివారం చర్చిలో ఉపదేశి ఏసన్న ఒక్కో చరణం చదివి వినిపిస్తే, చెవిన వేసుకుని గొంతెత్తి పాడేది. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఆమె నోట పలికినవన్నీ ఎవరో కట్టిన పాటలే.

సొంత పాట కరువులో పుట్టింది. 1952 ఎండాకాలానికి వాడ బావి అడుగంటింది. బొక్కెన అందక, చేంతాడుకు ఇంకో బారెడు తాడు ముడివేస్తూ తనకు తెలియకుండానే బావితో అనేసింది:

"బారెడు తాడు ముడేస్తి బావమ్మా,
నీళ్ళందవు, నా మొగమూ అగపడదు."

పక్కనున్న ఆడవాళ్ళు "మళ్ళా అను" అన్నారు. మళ్ళీ అంది. మూడోసారికి అది పాటయింది.

మొగుడు చలికాలంలోనే బళ్ళారి పక్కకు పనికి పోయాడు. కబురు లేదు. నాలుగేళ్ళ కూతురు కృపమణిని చంకనేసుకుని విశ్వాసమ్మ కరువు పనికి పోయింది. రోడ్డుకు కంకర కొట్టాలి. మధ్యాహ్నం గంజి పోస్తారు. సుత్తి దెబ్బల మధ్య ఆమె కొత్త మాటలు అల్లేది. మొదట్లో అవి గజిబిజిగా ఉండేవి. పక్కన కూర్చునే గిడ్డమ్మ అనే ముసలామె ఒకరోజు సుత్తి దించి చెప్పింది.

"మ్మేయ్, దెబ్బ పడేటప్పుడు మాట పెట్టొద్దు, నలిగిపోతాది. దెబ్బకూ దెబ్బకూ నడుమ పెట్టు."

ఆ ఒక్క మాటతో విశ్వాసమ్మ పాట దారిన పడింది. చరణాలు పొట్టివయ్యాయి. చివరి మాట తాను అనకుండా వదిలేస్తే, ఆడవాళ్ళంతా అందుకునేవారు. కంకర కుప్ప నీడలో కూర్చుని కృపమణి తొడ మీద తాళం వేసేది.

గంజి రోజురోజుకూ పలచనై, నెత్తిన ఉన్న సూర్యుడు అందులో అగపడేవాడు. విశ్వాసమ్మ దాని మీదా కట్టింది.

"గంజిలో మెతుకు కోసం గాలిస్తి, గాలిస్తి,
సూరప్ప దొరికినాడు, సల్లారడు తిందామంటే."

ఆడవాళ్ళు చాలా రోజుల తర్వాత నవ్వారు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు.

"ఇంగోసారి ఆ పాట ఇనపడితే నీ పేరు కొట్టేస్తా."

బిడ్డ మొహం చూసి విశ్వాసమ్మ నోరు కట్టుకుంది. కృపమణి "పాడు మా" అని కొంగు లాగినా పాడలేదు.

ఇరవై రోజులకు బిడ్డకు వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. ఆలూరు ఆస్పత్రికి ఎత్తుకుని నడుస్తుంటే, దోవలోనే చేతుల్లో బిడ్డ బరువు మారింది. తల్లికి తెలిసిపోయింది. అయినా ఆస్పత్రి గడప దాకా నడిచింది.

సమాధి దగ్గర ఏసన్న కీర్తన ఎత్తుకున్నాడు. విశ్వాసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నిలుపన్నా. అది నా పాటలే ఇనేది."

"దోవంతా నేను మోస్తి దోసెడంత బిడ్డను,
నన్ను మోసేటోడా, నువ్వు యాడుండావు దేవా?"

అంతవరకే వచ్చింది.

మర్నాడు పనిలోకి పోయి, మేస్త్రీ ఎదుటే గంజి పాట పాడింది. పేరు కొట్టేశాడు. ఆడవాళ్ళు తల వంచుకుని సుత్తి దెబ్బ తప్పకుండా కొడుతూనే ఉన్నారు. గిడ్డమ్మ కూడా. విశ్వాసమ్మ వాళ్ళను తప్పు పట్టలేదు. వాళ్ళ బిడ్డలు ఇంకా బతికి ఉన్నారు.

వారం తర్వాత ఏసన్న ఆమె గుడిసెకు వచ్చాడు. అప్పటికి ఆమె చింతాకు ఉడకబెట్టుకు తింటోంది.

"ఆదివారం చర్చికి రామ్మా. బిడ్డ మీద పాట పాడుదువుగాని, పెద్దోళ్ళు ఒప్పుకున్నారు. 'యాడుండావు' అనే మాట ఒక్కటీ తీసెయ్. అందరూ తలా ఇన్ని జొన్నలు ఇస్తారు."

"ఆ మాట తీస్తే అబద్ధం పాడినట్టు గాదా అన్నా?"

"దేవుని అట్ల అడగగూడదమ్మా."

"ఆయప్పనే గదా అడగతాండా, ఊరోళ్ళను గాదే."

ఏసన్న వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం ఆమె చర్చికి పోలేదు. సోమవారం పొద్దున్నే గుడిసె వాకిలికి కంప అడ్డం పెట్టి ఆదోని దారి పట్టింది.

ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో పని దొరికింది. యంత్రాల హోరులో పక్కమనిషి అరిచినా వినపడదు. దూది దుమ్ము ఊపిరికి అడ్డం పడుతుంది. ఆ హోరులో విశ్వాసమ్మ గొంతు విప్పి పాడింది. ఎవరూ వినరు, ఎవరూ పేరు కొట్టెయ్యరు. కానీ సుత్తికి ఉన్నట్టు యంత్రానికి దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు లేదు. మాట పెట్టడానికి చోటు లేక, ఒక్కో అక్షరాన్ని ఊపిరి అయిపోయేదాకా సాగదీయడం నేర్చుకుంది. గంజి పాట తీరు వేరు, ఈ పాటల తీరు వేరు. నాలుగేళ్ళలో పద్నాలుగు కట్టింది. అన్నీ బిడ్డ మీదే. ఒక్కదాన్నీ ఇంకో మనిషి వినలేదు. దగ్గు మాత్రం ముదిరింది.

1956లో ఒక పగలు, పాట నడుమ ఉండగా పెద్ద యంత్రం బెల్టు తెగింది. హోరు టక్కున ఆగిపోయింది. షెడ్డంతా ఒక్క విశ్వాసమ్మ గొంతే మిగిలింది. అందరూ తిరిగి చూశారు. ఈ పనీ పోతే ఆమెకు ఇంక నడిచిపోవడానికి ఊరు లేదు. అయినా సగంలో ఉన్న చరణాన్ని వదల్లేకపోయింది, చివరిదాకా పాడింది.

ఎదురుగా నాలుగేళ్ళుగా పత్తి ఏరుతున్న రామసుబ్బమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఎవరి పాటమ్మా అది?"

"నాదే."

"రోజూ పాడతాండావా? నువ్వేందో నములుతాండావనుకుంటి గదా!" అని, దగ్గరికి జరిగి అడిగింది. "ఆ పాప పేరేంది?"

ఆదోని వచ్చాక ఆ పేరు పైకి అనలేదు విశ్వాసమ్మ. దగ్గు తెర పోయేదాకా ఆగి చెప్పింది.

"కృపమణి."

బెల్టు అతికారు. హోరు మళ్ళీ మొదలైంది. రామసుబ్బమ్మ తన గంప ఈడ్చుకొచ్చి పక్కన వేసుకుని, చెవి విశ్వాసమ్మ నోటి దగ్గర పెట్టింది.